ఎలుక రోజు నుంచి ఎలుక రోజు దాకా

నారా ఊళ్ళో పిలకలు ఇక మూడే మిగిలాయి. ఒకదాని యజమాని పరుపు దిగి ఏడాదైంది. ఇంకో ఆయనకి వెనకాల ఉన్నవే పదకొండు వెంట్రుకలు, వాటినే పోగుచేసి నూనె రాసి పిలక అని పేరు పెట్టుకున్నాడు. మూడోది ఇసోకిచిది. మనిషికి అరవై దాటినా పిలకకి ముప్పై దాటలేదు. నల్లగా, లావుగా, గొరిగిన నడినెత్తి మీద పిల్లి పడుకున్నట్టు పడుకుని ఉండేది.

పిలకలు తీయించుకోండని సర్కారు చెప్పి ఐదేళ్ళవుతోంది. ఊరంతా వరసపెట్టి మంగలి తొమెజో ముందు కూర్చుని తలలు అప్పజెప్పేశారు. ఇసోకిచి మాత్రం, "పంచాంగం ఎలాగూ లాక్కున్నారు. పిలక కూడా ఇచ్చేస్తే రేపొద్దున అద్దంలో నన్ను నేను ఎలా గుర్తుపట్టను?" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, అది నవ్వులాటకి అన్నమాట కాదని వాళ్ళావిడ తకికి తెలుసు.

జ్యోతిష్కుల వీధిలో నాలుగు తరాలుగా వాళ్ళది పంచాంగం అచ్చుదిమ్మలు చెక్కే ఇల్లు. ఏ రోజు విత్తనం చల్లాలి, ఏ రోజు గోళ్ళు తీయకూడదు, ఏ దిక్కుకి బయల్దేరితే కాలు విరుగుతుంది, అన్నీ చెర్రీ చెక్క మీద తిరగేసి చెక్కడం వాళ్ళ పని. మూడేళ్ళ కిందట సర్కారు దానికి మంగళం పాడేసింది. ఏడాది చివరి నెల రెండు రోజులు నడిచిందో లేదో, మూడోరోజు పొద్దున లేచేసరికి ఇదే కొత్త సంవత్సరాది అన్నారు. మిగతా ఇరవై ఎనిమిది రోజులూ ఏమైపోయాయని అడిగిన నాథుడు లేడు. మంచిరోజులూ చెడ్డరోజులూ అన్నీ ఆధారం లేని కబుర్లని కాగితం రాసి వీధి మొగలో అంటించారు. నలభై ఏళ్ళు చెక్కిందంతా అబద్ధమని ఒక్క కాగితం తేల్చేసింది. ఆ ఏటికని ఇసోకిచి ముందే చెక్కి ఉంచిన దిమ్మల్ని తకి ఊరగాయ తొట్టి మీదకి మూతలుగా వాడుకుంది.

"బాగా కుదిరాయయ్యా. చెయ్యి తిరిగినవాడి పని ఊరికే పోదు," అంది.

అతనూ ఏం తక్కువ తినలేదు. వెనకటికి ఒకసారి తన వీధికి పంచే పంచాంగాల్లో మాత్రం ఒక చిన్న ముక్క ఎక్కువ చెక్కి అచ్చు వేశాడు: 'ఈ ఐదు రోజులూ క్షౌరం చేయించుకున్నవారికి చెవి తెగును.' తొమెజో దుకాణంలో ఐదు రోజులు ఈగ వాలలేదు. ఆరో రోజుకి గాని తొమెజోకి సంగతి తెలియలేదు. అప్పట్నుంచీ అతని కళ్ళు ఆ పిలక మీదే.

మార్చి నెల మధ్యలో ఒక పొద్దున, కొత్త బడి మాస్టారు హిరైషి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, పైఊరివాడు, కత్తులు కట్టే యోధుల కుటుంబంలో పుట్టి సుద్దముక్క పట్టినవాడు. తల మీద గుండ్రటి టోపీ. అప్పటికే అరుగు మీద గుడి స్వామి ఎన్‌జో కూర్చుని, టీ నీళ్ళలో కాచిన గంజి ఊదుకుని తాగుతున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ ముసలాయన. పొద్దున గంజికి ఇసోకిచి ఇల్లు, రాత్రికి ఇంకెవరో. ఈ మధ్య గుళ్ళకి ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు మరి.

మాస్టారు ఒక కాగితం చాపాడు. "ఇసోకిచి గారూ, ఈ ఏడు ముక్కలూ చెక్కిపెట్టాలి. అచ్చు వేసి ఇంటింటికీ అంటిస్తాం."

ఇసోకిచి చదివాడు. సూర్యుడు, చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, బంగారం, మట్టి.

"ఏంటి మాస్టారూ, కాపురం పెడుతున్నారా? నిప్పు, నీళ్ళు, కట్టెలు రాశారు. ఉప్పు మర్చిపోయారు."

"రోజుల పేర్లండీ. ఏప్రిల్ నుంచి కచేరీలకీ బళ్ళకీ సెలవులు మారుతున్నాయి. ఒకటో తారీకు, ఆరో తారీకు, పదకొండు, పదహారు అని ఉండేవి కదా, అవి ఇంక లేవు. ఏడు రోజులకి ఒకసారి, సూర్యుడి రోజున సెలవు. మొదటిది ఏప్రిల్ రెండు."

"ఎవరు పెట్టిన లెక్క ఇది?"

"పడమటి దేశాలది. నాగరికులందరూ..."

"అయితే ఆ నాగరికుల్నే చెక్కమనండి," అని ఇసోకిచి కాగితం మడిచి మాస్టారి చేతిలో పెట్టేశాడు. "పడమటివాళ్ళ నల్ల ఓడల్లోంచి దిగిన రోజులకి నా చెర్రీ చెక్క ఇవ్వను."

ఎన్‌జో స్వామి గంజి గిన్నె దించాడు. "నల్ల ఓడల్లోంచా? అవి మా గుళ్ళో పెట్టెలో ఉన్నాయి కదయ్యా. ఓ వెయ్యేళ్ళ నుంచీ."

ఇసోకిచీ మాస్టారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నాళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

"స్వామీ, మీకు గంజి ఎక్కువైనట్టుంది," అన్నాడు ఇసోకిచి.

"కాదండీ, ఇవి యూరపు..." అన్నాడు మాస్టారు.

"పెట్టెలో ఉన్నాయి," అన్నాడు స్వామి మళ్ళీ, చాప మీద రాలిన మెతుకు ఏరుకుంటూ.

ఇసోకిచికి తిక్క రేగింది. పందెం అంటే చెవి కోసుకునే మనిషి. "సరే వినండి. ఈ ఏడు రోజులూ నల్ల ఓడలకి ముందే మన దేశంలో ఉన్నాయని చూపించండి. మీ గుడి అరుగు మీద కూర్చుని ఈ పిలక తీయించుకుంటా. దిమ్మ ఊరికే చెక్కిపెడతా. చూపించలేకపోతే మాస్టారు ఆ టోపీ తీసి గుడి చుట్టూ తిరిగే జింకకి పెట్టాలి."

"నన్నెందుకు పెడతారండీ మధ్యలో?" అన్నాడు మాస్టారు.

ఎదురింట్లో తొమెజో అప్పటికే కత్తెరకి సాన పెడుతున్నాడు.

*

గుళ్ళో బౌద్ధ సూత్రాలు దాచే గది అంతా పాత కాగితం వాసన, కర్పూరం వాసన. స్వామి ఒక కాగితం చుట్ట తెచ్చి నేల మీద దొర్లించాడు. సముద్రం దాటి చైనా వెళ్ళొచ్చిన పాతకాలపు గురువు మోసుకొచ్చిన దానికి నకలు, ఆ నకలుకి నకలు. స్వామి గోరు ఒక చోట ఆగింది.

సూర్యుడు, చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, బంగారం, మట్టి. అదే వరస. ఒక్క గీత తేడా లేదు.

మాస్టారు టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి... ఇవి రోజులేనా స్వామీ?"

"రోజులకి కాపలా కాసేవాళ్ళు. సూర్యుడూ చంద్రుడూ మనకి తెలిసినవాళ్ళే. మిగిలినవి ఒక్కచోట నిలవకుండా తిరిగే ఐదు చుక్కలు. ఎర్రగా మండేది నిప్పు చుక్క. తెల్లారగట్ల ధగధగలాడేది బంగారు చుక్క. కుంటుకుంటూ నెమ్మదిగా నడిచేది మట్టి చుక్క. ఒక్కో చుక్కకి ఒక్కో రోజు. చైనా వాళ్ళకీ ఇది సొంతం కాదు. వాళ్ళకి బుద్ధుడి దేశం నుంచి వచ్చింది. ఆ దేశం పేర్లు కూడా చెవికి వినపడినట్టు పక్కనే రాసిపెట్టారు."

ఆయన గొంతు సవరించుకుని రాగం తీస్తూ చదివాడు. "ఆదిచియ. సొమ. అంగారక. బుద. బురిహసపతి. శుకర. శనిషచర."

ఆ మాటలకి అర్థం ఆ గదిలో ఎవరికీ తెలియదు. స్వామికీ తెలియదు. ఆయన గురువు ఎలా పలికితే ఆయన అలా పలికాడు, ఆ గురువుకి ఆయన గురువు. అయినా వింటూ వింటూ ఇసోకిచి చెయ్యి తెలియకుండానే పిలక మీదకి పోయింది.

చెయ్యి పిలకని తాకగానే బుర్ర పనిచేసింది.

"ఆగండాగండి. పేర్లు ఉన్నాయి, ఒప్పుకున్నా. పేరుదేముంది? మా వీధిలో జిరో అనే పేరుగలవాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ ఒక్కడేనా? ఒకడి అప్పు ఇంకోడు తీరుస్తాడా? ఆ రోజుల్లో సూర్యుడి రోజు అని దేన్నన్నారో, అది ఏడేసి చొప్పున నడుచుకుంటూ వచ్చి, రేపు మాస్టారు సెలవిచ్చే రోజు మీద పడాలి. పడితే అదే ఇది. పడకపోతే మనది వేరు, ఓడల్లోది వేరు."

"న్యాయమే," అన్నాడు మాస్టారు. తనకే తెలుసుకోవాలని ఉంది. మొహంలో కనపడిపోతోంది.

స్వామి ఇంకో చుట్ట తెచ్చాడు. అది చూడగానే ఇసోకిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిరాత పంచాంగం అది. కన్‌కో అనే శకంలో ఆరో ఏటిది. అంటే ఎనిమిది వందల అరవై ఏడేళ్ళ కిందటిది. రోజుకో గీత, గీత కింద రోజు పేరు. ప్రతి ఏడో గీత నెత్తిన ఎర్ర సిరాతో ఒక ముక్క: 'తేనె'.

"ఇదా?" అన్నాడు ఇసోకిచి. "ఈ ముక్క మా ఇంట్లో పాత చిత్తుల్లో కూడా ఉంది. మా తాత ఆ రోజు కనపడితే అందరికీ తలో చుక్క తేనె నాకించేవాడు."

"తేనె కాదురా నాయనా. ఎడారుల్లో ఒంటెలు తోలుకొచ్చిన వర్తకులు సూర్యుణ్ణి అలాంటి శబ్దంతో పిలిచేవాళ్ళట. ఆ శబ్దానికి దొరికిన అక్షరం ఇది. రాసేవాళ్ళకి అది తెలియదు. ముందువాడు రాశాడు కాబట్టి వెనకవాడు రాశాడు."

"తెలియకుండానేనా?"

"తెలియకుండానే. వందల ఏళ్ళు." స్వామి చుట్ట అతని వైపు జరిపాడు. "లెక్క నువ్వే వెయ్యి. ఈ ఊళ్ళో అది చాతనైనవాడివి నువ్వొక్కడివే."

ఇసోకిచి లోపల్లోపల నవ్వుకున్నాడు. ఎవరూ సెలవు తీసుకోని రోజు, ఎవరూ పిలవని రోజు. ఇన్ని యుద్ధాలు, ఇన్నిసార్లు ఊళ్ళు తగలబడటం, రాజధానులు మారడం. ఇన్నిట్లో ఎక్కడో ఒకచోట ఒక్క రోజైనా జారకుండా ఉంటుందా? ఏడింట్లో ఆరు పాళ్ళు గెలుపు తనదే. పిలకకి ఢోకా లేదు.

*

రోజులు లెక్కపెట్టడానికి పంచాంగం వాళ్ళకొక పాత చక్రం ఉంది. అరవై రోజులకి అరవై పేర్లు. లోహపు ఎలుక, లోహపు ఎద్దు, నీటి పులి, అలా వెళ్ళి వెళ్ళి అరవై అవగానే మళ్ళీ మొదటికొస్తుంది. సర్కారు వద్దన్నా ఇసోకిచి రోజూ పొద్దున లేవగానే ఆ రోజు పేరు వంటింటి స్తంభం మీద బొగ్గుతో గీస్తూనే ఉన్నాడు. మొహం కడుక్కోవడం ఎలాగో అదీ అలాగే.

గుడి చుట్టలో, రెండో నెల నడిమధ్యన, ఎర్ర ముక్క ఉన్న ఒక రోజు పేరు లోహపు ఎలుక. ఇంటికొచ్చి స్తంభం చూసి వేళ్ళు మడిచాడు. వచ్చే ఏప్రిల్ రెండో తారీకు పేరు కూడా లోహపు ఎలుకే.

స్తంభానికి నుదురు ఆనించాడు.

"ఏంటి, స్తంభానికి మొక్కుతున్నావా?" అంది తకి.

"పని తేలికైందే. ఎలుక నుంచి ఎలుక దాకా అంటే నిండు అరవైలే. మధ్యలో అరవై రోజుల చుట్లు ఎన్ని తిరిగాయో తేలితే చాలు. చుట్టుకో గింజ వేద్దాం. ఏడు చుట్లు తిరిగితే గాని ఎలుక మళ్ళీ సూర్యుడి రోజు మీద పడదు. కాబట్టి గింజలన్నీ ఏడేసి పేర్చినప్పుడు ఏమీ మిగలకపోతే స్వామి గెలిచినట్టు. ఒక్క గింజ మిగిలినా, ఒక్కటి తగ్గినా నేను గెలిచినట్టు."

"గింజలు నా దగ్గరుంటాయి," అంది తకి.

"అదేంటే, నా మీద నమ్మకం లేదా?"

"ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. ఉందని ఎలా చెప్పను?"

అటక మీంచి పెట్టె దించారు. నాలుగు తరాలవాళ్ళు ఎక్కడెక్కడివో వెతికి నకలు రాసుకున్న నెలల పట్టీ అది. ఏ ఏట ఏ నెల పెద్దది, ఏది చిన్నది, ఏ ఏట నెల ఎక్కువొచ్చింది, ఏ నెల మొదటి రోజు పేరేంటి, అంతే. ఇంకో ముక్క లేదు. ఇసోకిచి చదువుతాడు: పెద్ద, ముప్పై. చిన్న, ఇరవై తొమ్మిది. తకి పూసల చట్రం మీద పూసలు తోస్తుంది. అరవై నిండగానే బొబ్బర్లంత ఎర్ర గింజ ఒకటి కుండలో టక్కున పడుతుంది. సాయంత్రం కుండ మూతికి కాగితం అంటించి దాని మీద తన వేలిముద్ర వేసి, తల దగ్గర పెట్టుకుని పడుకునేది.

మొదటి రెండు రోజులూ వేళాకోళంగానే నడిచింది. మూడోనాటికి ఇద్దరి మాటలూ తగ్గాయి.

పట్టీలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. పెద్ద, చిన్న, పెద్ద, పెద్ద, చిన్న. కానీ ఇసోకిచికి తెలుసు, ఇదిగో ఈ నెలలో మహాబుద్ధుడి మండపం తగలబడింది. ఈ మూడు గింజల మధ్య ఊరూరా కరువు. ఈ గింజ పడేసరికి సముద్రం మీద పరాయి సైన్యం. అయినా పక్క గడిలో మళ్ళీ చిన్న, ఇరవై తొమ్మిది. రాసిన చేతులు మారుతున్నాయి, సిరా మారుతోంది. ఒకడి గీత వణికింది, చలికో, జబ్బుకో. రోజు మాత్రం ఒక్కటి కూడా తప్పలేదు. ఎవరూ వెనక్కి తిరిగి వీళ్ళని అడగరు, మెచ్చుకోరు. అయినా రాశారు.

ఒకచోట పదకొండేళ్ళకి పైగా పట్టీ ఎలుకలు కొట్టేశాయి. "చూశావా, ఎలుక రోజుకి ఎలుకలే అడ్డం," అన్నాడు. అక్కడ ఒక గింజ అటూ ఇటూ చేసేస్తే అడిగేవాడు లేడు. తకి పూసల చట్రం ఒళ్ళో పెట్టుకుని అతన్నే చూస్తోంది. అతను చిరుగుకి ఇవతలి రోజు పేరు చూశాడు, అవతలి రోజు పేరు చూశాడు. అరవై చక్రం అబద్ధం ఆడనివ్వదు. మధ్యలో అరవై ఎనిమిది చుట్లు తిరిగితేనే అటు చివర పేరు కుదురుతుంది. రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"అరవై ఎనిమిది వెయ్యి," అన్నాడు.

ఏడో రోజు లెక్కలో, ఇక్కడ మా తాత పుట్టాడు, ఇక్కడ మా నాన్న పుట్టాడు అనుకుంటూ చదివాడు. తర్వాత తను పుట్టాడు. తర్వాత ఒక గింజ దగ్గర తకి చెయ్యి కుండ మీద ఆగింది. వాళ్ళ పిల్లవాడు మశూచితో పోయిన వేసవి అది. ఆరేళ్ళవాడు. ఇసోకిచి పట్టీలోంచి తల ఎత్తలేదు. కాసేపటికి టక్కుమని చప్పుడైంది.

"చదువు," అంది తకి.

తొమ్మిదో రోజు సాయంత్రానికి ఆ మాయమైన నెల దగ్గరకొచ్చారు. సరిగ్గా అప్పుడే మాస్టారు వాకిట్లోకొచ్చాడు. ఇసోకిచి మొహం వెలిగింది. దాచుకున్న తురుపుముక్క ఇదే మరి.

"రండి మాస్టారూ, సమయానికొచ్చారు. ఈ నెలకి ముప్పై రోజులు. రెండు నడిచాయి. ఇరవై ఎనిమిది మీ సర్కారు మింగేసింది. అంటే ఏమైంది? మీ ఏడు రోజుల తాడు అక్కడ తెగిపోయింది. మొదటికొచ్చింది."

మాస్టారు బిత్తరపోయాడు. పైకి చూశాడు, కిందకి చూశాడు. తర్వాత వేళ్ళు మడిచాడు. "ఇసోకిచి గారూ, ఇరవై ఎనిమిదంటే నాలుగు ఏడులండీ."

"అయితే?"

"ఉన్నాయనుకున్నా, లేవనుకున్నా, ఏడు రోజుల లెక్క మారదు. మింగినా కక్కినా ఒకటే."

ఇసోకిచి పట్టీలో ఆ నెల మీద వేలు పెట్టి మళ్ళీ చూశాడు. ఇరవయ్యారు మింగచ్చు, ముప్పై మింగచ్చు. అంత పెద్ద సర్కారు అంత గుడ్డిగా మింగి, సరిగ్గా నాలుగు ఏడులే మింగింది.

"అసలు మింగింది ఎక్కడ?" అంది తకి పూసలు తోస్తూ. "ఆ రెండోనాటి మర్నాడు సూర్యుడు పొడవలేదా? నువ్వు స్తంభం మీద గీత గియ్యలేదా? వాళ్ళు మార్చింది పేరు. రోజుని ఎవడు మింగుతాడు? ఇరవై ఎనిమిది రోజులు పోయి ఉంటే నేను ఆ మేరకి పడుచుదాన్ని అయి ఉండేదాన్ని."

"అవలేదా?" అన్నాడు ఇసోకిచి.

"నీ కళ్ళకి మసక, నీకేం తెలుస్తుంది," అని ఆమె ఇంకో గింజ వేసింది.

*

ఏప్రిల్ రెండో తారీకు. గుడి అరుగు మీద ఆరు చాపలు పరిచారు. కచేరీకి సెలవు, బడికి సెలవు. మొట్టమొదటి సూర్యుడి రోజున ఏం చెయ్యాలో ఎవరికీ తెలియక వీధి వీధంతా అక్కడికే వచ్చింది. తొమెజో కత్తెర, దువ్వెన, తెల్లబట్ట పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

తకి కుండ మూతి కాగితం చింపింది. ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇసోకిచి చేత్తో పిడికిలి పిడికిలి తీసి ఏడేసి గింజలు పేర్చడం మొదలుపెట్టాడు. మాస్టారు పక్కనే వంగుని ప్రతి ఏడూ సరిచూస్తున్నాడు. మధ్యలో ఒక జింక మెట్లెక్కి మూతి చాచింది. మాస్టారు టోపీ అడ్డం పెట్టాడు, అది టోపీ అంచు కొరికింది.

"పందెం తేలకముందే టోపీ ఇచ్చేస్తున్నారేంటి?" అన్నాడు ఇసోకిచి. అందరూ నవ్వారు.

నవ్వించాడు గానీ అతని ధ్యాస అంతా కుడి చేతి బొటనవేలి మీదే ఉంది. మూడు రోజుల నుంచీ ఇంట్లో ఎవరూ చూడకుండా సాధన చేశాడు. ఆఖరి పిడికిట్లో సరిగ్గా ఏడు వస్తే, ఒకటి వేళ్ళ సందున ఇరికించి, దగ్గు వచ్చినట్టు నోటి దగ్గరకి చెయ్యి తెచ్చి, గుటుక్కున మింగేయడమే. ఆరు మిగులుతాయి. పిలక మిగులుతుంది. నలభై ఏళ్ళ మీద సర్కారు అంటించిన కాగితానికి ఆ ఒక్క గింజే జవాబు.

చాపలు నిండాయి. వంద వరసలు, మూడు వందలు, ఆరు వందలు. ఎండ అరుగు ఎక్కింది. ఎర్రటి గింజలు చాపల మీద బారులు తీరి ఉన్నాయి. ఒక్కో గింజా రెండు నెలలు. ఆ చివరి చాప మీద ఉన్నవి ఎవరికీ పేరు కూడా గుర్తులేని మనుషుల కాలం. ఈ చివర తమది. నడవాలంటే ఆరు చాపల దూరం.

"ఏడు వందల యాభై మూడు వరసలు," అన్నాడు మాస్టారు.

కుండలో మిగిలినవి ఇసోకిచి గుప్పిట్లోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగు, ఐదు. ఆరు.

ఏడు.

కుండ తిరగేశాడు. ఖాళీ.

అన్నేళ్ళలో ఇక్కడెవరూ ఈ సూర్యుడి రోజు కోసం ఎదురుచూడలేదు, వాడలేదు. ముందువాడు రాశాడు కాబట్టి వెనకవాడు ఎర్ర సిరా ముంచి ముక్క పెట్టాడు. అది ఎవరి పేరో, ఏ ఎడారి మాటో తెలియకుండా. సముద్రానికి అటు పక్క ఇంకెవరో, వీళ్ళ మొహం చూడనివాళ్ళు, వాళ్ళ లెక్క వాళ్ళు వేసుకున్నారు. ఇటువాడు అటువాణ్ణి అడగలేదు. ఇద్దరూ నడిచి నడిచి ఈ పొద్దున ఈ అరుగు మీద ఒకే రోజులో కాలు పెట్టారు.

దగ్గు తెచ్చుకోవాలి. చెయ్యి నోటి దాకా లేచింది. తకి చూస్తోంది. ఆమెకి తెలుసు. ఎప్పట్నుంచో తెలిసే ఉంటుంది. ఆమె కళ్ళలో కోపం లేదు. పట్టీ చదువుతుంటే 'చదువు' అన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఏమీ తెలియనివాళ్ళే ఇన్ని వందల ఏళ్ళు ఒక్క రోజు దొంగిలించలేదు. అన్నీ తెలిసి తను రెండు నెలలు మింగేస్తాడా? అది ఎవరి రెండు నెలలో.

చెయ్యి దించి చాప మీద తెరిచాడు. ఏడు గింజలు. ఒక్కొక్కటే వేలితో జరిపి వరస చేశాడు.

మాస్టారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరో చెప్పారని కాదు. తొమెజో చేతిలో కత్తెర ఉన్న సంగతే మర్చిపోయాడు. స్వామి వైపు చూస్తే, ఆ ముసలాయన గోరు చివరి వరస మీద ఆగి ఉంది.

"మీకు ముందే తెలుసు కదా స్వామీ," అన్నాడు ఇసోకిచి.

"ఎక్కడ తెలుసురా," అన్నాడు ఎన్‌జో స్వామి. "నాకు లెక్కలు రావు. పెట్టెలో ఉన్నాయని తెలుసు, అంతే. ఇన్నాళ్ళూ ఊరికే దుమ్ము దులిపాను."

ఇసోకిచి లేచి, మోకాళ్ళు దులుపుకుని, అరుగు అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"రావయ్యా తొమెజో. ఎన్నేళ్ళ కసి, కానీ."

తొమెజో తెల్లబట్ట భుజాల మీద కప్పాడు. ఇన్నేళ్ళూ దాచుకున్న వెటకారాలు ఒక్కటీ నోటికి రానట్టుంది. "నిజంగా తీసేయనా?" అన్నాడు మెల్లగా. "వద్దంటే అందరం సర్దుకుంటాంలే."

"ఓడిన పిలక మోయడం బరువురా. తియ్యి. చెవి మాత్రం జాగ్రత్త."

కత్తెర రెండుసార్లు ఇరుక్కుంది, లావు పిలక మరి. మూడోసారికి తెగింది. తకి చెయ్యి చాచి దాన్ని కింద పడకుండా అందుకుంది.

"మాస్టారూ, మధ్యాహ్నం ఆ కాగితం పట్రండి," అన్నాడు ఇసోకిచి తల కదపకుండా. "మొదటి ముక్క సూర్యుడే కదా. ఆ ముక్క చెక్కేటప్పుడు ఎవరూ మాట్లాడించకండి నన్ను."

పదిహేనో ఏట పిలక కట్టినప్పట్నుంచీ నడినెత్తి మీద దాని కింద వేలెడు చోటుకి వెలుతురు తగల్లేదు. ఇప్పుడు అక్కడ ఎండ పడింది. వెచ్చగా ఉంది. అతను కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. తొమెజో కూడా తొందరపెట్టలేదు.